నప్పి కోసం గోపాల్‌పూర్ దాకా

గంజాం జిల్లా చూడనివాళ్ళకి ముందే చెబుతున్నాను, నేను అక్కడికి తీర్థానికీ వెళ్ళలేదు, వ్యాపారానికీ వెళ్ళలేదు. కాకినాడలో కిరాణా కొట్టు కట్టేసి పది రోజులు ఊళ్ళు పట్టి తిరిగే తీరిక నాకెక్కడిది? మా తమ్ముడు సుబ్బారాయుడు ఎనిమిదేళ్ళు బర్మా రంగంలో, అదే రంగూన్‌లో, ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉండి అక్కడే జ్వరం వచ్చి పోయాడు. వాడు అక్కడ ఒక బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పేరు మా ఖిన్, ఆ 'మా' కూడా పేరే, అక్కడ ఆడవాళ్ళ పేర్ల ముందు పెడతారు. వాడు పోయాక ఆవిడ స్టీమరెక్కి, తోడుగా వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళతో గోపాల్‌పూర్‌లో దిగిందనీ, బరంపురంలో మా మేనమామ కొడుకు జగన్నాథం బావ ఇంట్లో ఉందనీ ఉత్తరం వచ్చింది. కోడల్ని తీసుకురమ్మని మా అమ్మ నన్ను పంపింది. నేను తీసుకురాలేదు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో అక్కడి తిండి గురించి చాలా వస్తుంది, ఏం చెయ్యను, గొడవంతా తిండి దగ్గరే వచ్చింది.

బావ ఉత్తరంలో ఇలా ఉంది: "పిల్ల నెల్లాళ్ళుగా సరిగ్గా అన్నం ముట్టడం లేదు. చిక్కి సగమైంది. అడిగితే నప్పి లేదంటుంది. వైద్యం చేయిస్తున్నాము. నువ్వు వెంటనే రావలెను."

నప్పి లేదంటే నప్పలేదని కాక ఇంకేమనుకుంటారు ఎవరైనా? కొత్త నీళ్ళు, కొత్త గాలి, పొట్టకి పడి ఉండదనుకున్నాను. శొంఠి, వాము, కరక్కాయ పొట్లాలు కట్టుకున్నాను. మా అమ్మ ఆవకాయ జాడీ ఒకటి గుడ్డతో మూతి బిగించి నా చేతికిచ్చింది. నోరు చచ్చినవాళ్ళకి ఆవకాయ కన్నా మందు లేదని ఆవిడ నమ్మకం.

రైల్లో

వాల్తేరు దాటేసరికి జాడీ ఒరిగిపోయింది. నూనె కారి నా పంచె ఎర్రబడింది, పెట్టె అంతా ఘాటు వాసన. పక్కనున్నవాళ్ళు తుమ్మడం మొదలుపెట్టారు. ఎదుటి బల్ల మీద ఒక ముసలి ఒరియా బ్రాహ్మడు కూర్చుని ఉన్నాడు, గుళ్ళో వంట చేసేవాడట. ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏటి బాబూ అది? లంకా?" అన్నాడు.

ఒరియావాళ్ళు మిరపకాయని లంక అంటారని నాకు తెలుసు. "ఆవకాయండి. ప్రసాదంలా తినొచ్చు," అన్నాను పౌరుషంగా.

"పెసాదంలో లంకా పడదు బాబూ. అది దేశం సరుకు కాదు. ఆళూ పడదు. బిలాతీ పడదు, అదే మీ రామములగ, టమాటా. ఓడలోల్లు తెచ్చినవి గుళ్ళో ఠాకురికి ఎట్టం. మా తాతల తాతల నాడు మనుసులు కూడా మిరియమే తిన్నారు. పేరులోనే ఉంది కదా, లంకా అని. సముద్రం దాటొచ్చింది."

నాకు ఒళ్ళు మండింది. మూడు తరాలుగా మిరపకాయలు అమ్ముకు బతుకుతున్న ఇల్లు మాది. మిరపకాయ పరాయిది అంటే నా ఇంటిపేరు తిట్టినట్టయింది. గట్టిగా ఏదో అందామనుకున్నాను, అప్పుడే గుర్తొచ్చింది. మా నాన్న తద్దినానికి మా ఇంట్లోనూ మిరపకాయ వాడరు, మిరియాలే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. చచ్చిపోయినవాళ్ళకి కారం పడదు కాబోలు అనుకున్నాను. ఇచ్ఛాపురం దాకా జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బరంపురం

దిగేసరికి ముసురు. బజారంతా బురద. జట్కావాడు ఆరణాలు అడిగి, నేను తెలుగులో బేరమాడుతుంటే ఒరియాలో తిట్టి, చివరికి తెలుగులో నవ్వి నాలుగణాలకి ఒప్పుకున్నాడు. ఆ ఊళ్ళో అందరూ అంతే, ఒక నోట్లో రెండు భాషలు పెట్టుకు తిరుగుతారు. జిల్లాని మద్రాసులో ఉంచాలని ఒక సభ, ఒరిస్సాలో కలపాలని ఇంకో సభ జరుగుతున్నాయి. చింతపండు టోకు వ్యాపారం చేసే మా జగన్నాథం బావ రెండింటికీ చందా ఇచ్చి, రెంటికీ వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నాడు.

"రేపు ఈ ఊళ్ళో మనమే పరాయోల్లమైపోతామేమోరా," అన్నాడు నన్ను చూడగానే, పలకరింపుకి బదులు.

మధ్యాహ్నం భోజనంలో పఖాళం పెట్టారు. మన చద్దన్నం లాంటిదే, నీళ్ళలో పులిసిన అన్నం. కాని మనం పొద్దున్నే, ఎవరూ చూడకుండా తింటాం. వాళ్ళు మిట్టమధ్యాహ్నం, చుట్టాన్ని కూర్చోబెట్టి, వేయించిన వడియాలు నలిపి వేసి దర్జాగా వడ్డిస్తారు. బావ ఇల్లు వందేళ్ళ తెలుగిల్లు, అయినా ఒరియావాళ్ళ పఖాళం వాళ్ళింటిదే అయిపోయింది. మొదట చిన్నతనంగా అనిపించింది, రెండోసారి అడిగి వేయించుకున్నాను.

అప్పుడు పెరటి వసారాలో మా ఖిన్‌ని చూశాను. కంచంలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. ఒక మూల నాలుగు మెతుకులు వేళ్ళతో పక్కకి జరిపి ఉన్నాయి, అంతే. ముంజేతులు సన్నగా, గాజు మోచేతి దాకా జారిపోయేలా ఉన్నాయి. నాకు భయమేసింది. ఇంకో నెల ఇలాగే ఉంటే ఈవిడ బతకదనిపించింది.

"దణ్ణం బావగోరూ. నీ తమ్ముడు ఎప్పుడూ నీ మాటే సెప్పీవోడు," అంది.

రంగం రేవులో మన కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు. అందులో మీరు అన్న మాట లేదు. తమ్ముడి పెళ్ళాం నన్ను నువ్వు అనేసరికి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా వచ్చిన పని గుర్తు చేసుకుని పొట్లాలు విప్పాను.

"ఏం నప్పలేదమ్మా నీకు? నీళ్ళా, అన్నమా?"

"అన్నీ నప్పినాయి. నప్పే నేదు."

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. బావ భార్య పార్వతక్క గుమ్మంలో నిలబడి, "నెల్లాళ్ళుగా ఇదే పాట. అన్నీ నప్పినాయంటాది, నప్పి నేదంటాది. నేనేటి సెయ్యను?" అంది.

మా ఖిన్ రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నూరుతున్నట్టు చూపించింది. "నప్పి. సేప, ఉప్పు. ఎండలో ఎడతారు. దంచుతారు. జాడీలో ఎడతారు. కూరలో అదే, అన్నంలో అదే. నప్పి నేకపోతే మాకు కూడు దిగదు."

నేను విప్పిన శొంఠి పొట్లం మళ్ళీ కట్టేశాను.

"అయ్యో నా మతి మండ!" అంది పార్వతక్క. "నెల్లాళ్ళు దీని గొంతులో శొంఠి కషాయం పోసీసేను కదరా! పూటకో గ్లాసు! నోరెత్తకుండా తాగీసింది!" నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక మాత్రం, "కాని ఈ ఇంట్లో మటుకు ఆ సేప నాకొద్దు, ముందే సెప్తున్నాను," అంది.

నీచు మా ఇళ్ళ గడప తొక్కదు. నేనూ అదే మాట అనేవాణ్ణి.

ఆవకాయ ముక్క ఒకటి కంచంలో వేశాను. మా ఖిన్ కొద్దిగా నాకి చూసి, మొత్తం ముక్క తినేసింది. "బాగుంది. ఇది ఎన్నాళ్ళు కుళ్ళబెట్టినారు?"

"కుళ్ళబెట్టడం కాదమ్మా, ఊరబెట్టడం!"

"అదే. మాదీ ఊరబెట్టిందే."

మర్నాడు పొద్దున్నే మా ఖిన్‌తో గోపాల్‌పూర్ వెళ్ళడానికి జట్కా మాట్లాడాను. ఆవిడతో కూడా స్టీమర్లో వచ్చిన నూకాలమ్మ అక్కడ ఉంది, నప్పి అక్కడ దొరుకుతుందట.

గోపాల్‌పూర్

సముద్రం ఒడ్డున దొరల బంగళాలు తెల్లగా వరసగా ఉంటాయి, వాటి వెనక జాలరి గుడిసెలు. బంగళాల్లో కాల్చిన రొట్టె మిగిలితే వంటవాడు పొద్దున్నే గుడిసెల్లో అమ్ముతాడు, అర్ధణాకి ఒకటి. జాలరి ముసలాళ్ళు దాన్ని టీలో ముంచుకు తింటూ వల బాగుచేసుకుంటున్నారు. మా ఊళ్ళో టీ ఇంకా జ్వరం వచ్చినవాళ్ళు తాగే నీళ్ళే. ఇక్కడ రంగం వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లో పొయ్యి మీద టీ మరుగుతూనే ఉంటుంది.

నూకాలమ్మ యాభై ఏళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళు రంగంలో చేపలు అమ్మింది. మా ఖిన్‌ని చూడగానే గట్టిగా అరిచింది.

"ఏటే ఇది! ఎముకలు తప్ప ఏటీ నేదు! షావుకార్లు కూడెట్టనేదా?"

నేను సంగతి చెప్పాను. నూకాలమ్మ నవ్వలేదు. లోపలికెళ్ళి గుడ్డ కట్టిన కుండ తెచ్చింది. మూత తియ్యగానే నేను నాలుగు అడుగులు వెనక్కి వేశాను. దాని వాసన గురించి చదివేవాళ్ళకి చెప్పి వాళ్ళ భోజనం పాడుచెయ్యను.

"సిన్న రొయ్యల్తో ఇక్కడే సేసుకుంటాం బాబూ. అక్కడ నోరు అలవాటైపోనాది. మా కోడలు మొదట ముక్కు మూసుకునీది. ఇప్పుడు నాకన్నా తనే ఎక్కువ తింటాది," అంది.

మా ఖిన్ అప్పటికే పెరట్లో ఉంది. గోంగూర మడి చూసి, "చింబౌం! చింబౌం!" అని పిలిచింది. బర్మావాళ్ళకి గోంగూర రోజువారీ కూరట. నేను నమ్మలేదు. గోంగూర మన సొంత ఆస్తి అనుకుంటూ పెరిగినవాణ్ణి. ఆవిడ ఆకు తుంచే పద్ధతి మా అమ్మ పద్ధతే, కాడ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కిందికి ఒక్క దూయుడు. పొయ్యి దగ్గర కూర్చుని నూనెలో పచ్చిమిరపకాయలు, ఆకు, ఆ కుండలోది ఒక ముద్ద వేసి మగ్గబెట్టింది.

నేను గాలికి ఎదురుగా పీట వేసుకు కూర్చుని చూశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమల్లేదు. తర్వాత తినడం మొదలుపెట్టింది. మూడుసార్లు అన్నం వేయించుకుంది. చిన్న చిన్న ముద్దలు, వేళ్ళ కొసలతోనే, అరచేతికి అంటకుండా. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి బతుకుతుందనుకున్నాను.

"మా తమ్ముడి ఇంట్లో ఇదెక్కడ వండుకునేది?" అని అడిగాను. వెల్లుల్లి వాసన వస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు మా సుబ్బారాయుడు.

నూకాలమ్మ నా వైపు జాలిగా చూసింది. "ఎక్కడేటి బాబూ? ఆడు తినకుండా బతికినాడనుకున్నావా? ఆడే ముందు కలుపుకునీవోడు."

ఎనిమిదేళ్ళు ప్రతి ఉత్తరంలోనూ వాడు ఆవకాయ, కందిపొడి, అమ్మ చేతి పప్పు అని రాశాడు. అదీ అబద్ధం కాదు, ఇదీ అబద్ధం కాదు.

నూకాలమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. రంగం రేవులో బర్మావాళ్ళు మన కూలీల మీద పడి కొట్టిన రోజుల్లో మా ఖిన్ తన ఇంట్లో, బియ్యం బస్తాల వెనక, మా తమ్ముణ్ణీ నూకాలమ్మ కుటుంబాన్నీ ఆరు రోజులు దాచింది. కత్తులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది ఆవిడ మేనమామ కొడుకులే. ఆవిడ అడ్డం నిలబడింది. అప్పటినుంచి పుట్టింటివాళ్ళు ఆవిడతో మాట్లాడరు. మన తెలుగువాళ్ళని అక్కడ కొరింగీలంటారు, కొరింగీవాడి పెళ్ళామని ఎదురుపడితే ఉమ్మేస్తారు.

"అందుకే నాతో తెచ్చీసేను. ఆడు సచ్చిపోతా మాట తీసుకున్నాడు, మా అమ్మ దగ్గరికి ఎల్లు, మా అన్న సూసుకుంటాడు అని. నాది సేపలిల్లు, షావుకారింటి కోడలు నా పాకలో ఉండకూడదని మీ బావగోరింట్లో దిగబెట్టీసేను," అంది నూకాలమ్మ.

తిరుగు జట్కాలో

నూకాలమ్మ ఒక జాడీ నిండా నప్పి పెట్టి, పైన ఆకులు వేసి, గుడ్డ కట్టి ఇచ్చింది. జట్కాలో ఆ జాడీ మా ఇద్దరి మధ్యా ఉంది. సరుగుడు తోటలు దాటాక మా ఖిన్ అడిగింది.

"బావగోరూ, మీ ఇంట నాకో పొయ్యి ఏస్తావేటి? లోపల ఒద్దు. దొడ్లో. గాలి మీ ఇంటి మీదికి కొట్టని సోట. రోజూ ఒద్దు, వారానికి రెండు పూటలు సాలు. కంచం నేనే తోముకుంటాను."

జవాబు చెప్పడానికి నాకు ఊపిరి తీసుకునేంత సేపు చాలు. ఆ ఊపిరిలోనే మా అమ్మ మడి పంచె, మా ఆవిడ మొహం, పక్కింటివాళ్ళ గోడ, కొట్టుకి వచ్చే బేరగాళ్ళు, పెళ్ళికెదిగిన నా కూతురు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. షావుకారింటి దొడ్లో చేపలు కుళ్ళబెడుతున్నారట అని ఊరంతా అనుకునే మాట చెవిలో వినబడింది. నేను గుర్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ ఇంకోసారి అడగలేదు. జాడీని తన ఒళ్ళోకి తీసుకుంది.

మళ్ళీ బరంపురం

బావ ఇంటికి చేరగానే, నాలుగో రోజున వచ్చే స్టీమరుకి వెళ్ళిపోతానని పార్వతక్కతో చెప్పింది. అక్క నా వైపు చూసింది. నేను చెయ్యి కడుక్కునే వంకతో నూతి దగ్గరికి పోయాను.

నోరు విప్పడానికి నాకు మూడు రోజులు దొరికాయి. ఆ మూడు రోజులూ నేనేం చేశానో చెబితే సిగ్గు. బజారు పట్టి తిరిగాను. బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు రుచి చూసి ధర కనుక్కున్నాను. ఒక ఒరియా మిఠాయి కొట్టులో వేడి పాలల్లో నిమ్మరసం పిండి విరగ్గొడుతుంటే నిలబడి చూశాను. మన ఇళ్ళలో పాలు విరిగితే అపశకునమని పారబోస్తాం. ఇక్కడ కావాలని విరగ్గొట్టి, ఆ ముద్దని ఛేనా అంటారు, పాకంలో వేస్తారు.

"ఇది మీ పెద్దలు కనిపెట్టిందేనా?" అని అడిగాను.

"కాదు బాబూ, పరంగీలు బంగాళంలో నేర్పినారంటారు. ఒకప్పుడు మావోల్లు కూడా ముట్టీవోల్లు కాదంట. ఇప్పుడు పెళ్ళికి ఇది నేకపోతే వియ్యంకుడు లేచెల్లిపోతాడు," అన్నాడు మిఠాయివాడు.

రెండు తిన్నాను. చాలా బాగున్నాయి. పరంగివాడి పాల ముద్ద పెళ్ళి విస్తట్లోకి వచ్చింది, ఓడలో వచ్చిన మిరపకాయ మా ఇంటి సింహాసనం ఎక్కింది, వాటికి చోటిచ్చినవాళ్ళెవరో ఏనాడో ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి దొడ్లో మూడు ఇటుకలు వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఇదంతా ఆ కొట్టు ముందే అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నాను.

రేవు

గోపాల్‌పూర్‌లో స్టీమరు ఒడ్డుకి రాదు. దూరంగా ఆగుతుంది, పడవల్లో అలలు దాటుకుని వెళ్ళాలి. ఆ రోజు అలలు ఎక్కువగా ఉన్నాయి. పడవవాళ్ళు తొందరపెడుతున్నారు. నూకాలమ్మ మరిది కూడా అదే స్టీమర్లో వెళుతున్నాడు, రంగం దాకా తోడు.

మా ఖిన్ ఒక చేత్తో నప్పి జాడీ, ఇంకో చేత్తో మా అమ్మ ఆవకాయ జాడీ పట్టుకుంది.

"అక్కడ మీవాళ్ళు రానిస్తారా?" అని అడిగాను. అడగడానికి నాకు అంతకన్నా మంచి మాట దొరకలేదు.

"తిడతారు. తిట్టి కూడెడతారు." కాస్త ఆగి, "నీ మీద కోపం నేదు బావగోరూ. అత్తకి సెప్పు, కాయ బాగుందని," అంది.

నూకాలమ్మ నాతో మాట్లాడలేదు. పడవ మూడో అల దాటేదాకా నిలబడి, చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను బట్టలు తడిసి, ఒంటరిగా బరంపురం చేరి, ఆ సాయంత్రం బండి పట్టుకున్నాను.

ఇల్లు

మా అమ్మ వీధి గుమ్మంలోనే ఉంది. నా వెనక చూసింది, జట్కా వెనక చూసింది. లోపలికొచ్చాక జరిగిందంతా చెప్పాను. నప్పి సంగతి, నూకాలమ్మ చెప్పిన సంగతులు, పొయ్యి అడిగిన సంగతి, ఏదీ దాచలేదు.

"పొయ్యి అడిగితే నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదమ్మా. నీ మడీ, ఆచారమూ..."

"నా మడి మీదికి తోసెయ్యకు. నన్నడిగావా? ఒక్క కార్డు ముక్క రాశావా? కొడుకుని ఆరు రోజులు కడుపులో పెట్టుకు కాచిన మనిషికి దొడ్లో పొయ్యి వేస్తే నా మడి మైలపడుతుందా?"

నేను తలొంచుకున్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుని, నా దగ్గరగా జరిగి కూర్చుంది.

"పోనీ, మనిషి ఎలా ఉంటుందిరా?"

చెప్పడం మొదలుపెట్టాను. చేతులు సన్నగా ఉంటాయన్నాను. ముద్ద చిన్నగా చేసుకుంటుంది, వేళ్ళ కొసలతోనే కలుపుకుంటుంది, అరచేతికి మెతుకు అంటనివ్వదు, గోంగూర నీలాగే దూస్తుంది, ఆవకాయ ముక్క టెంకతో సహా నమిలింది అన్నాను.

"అది కాదురా. మొహం. మొహం ఎలా ఉంటుంది?"

నేను ఆలోచించాను. ఎంత ఆలోచించినా కంచమే కనబడుతోంది. అన్ని రోజులు అదే ఇంట్లో ఉన్నాను, జట్కాలో పక్కనే కూర్చున్నాను, రేవులో ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ ఏం తింటుందో చూశాను గాని, ఆవిడ మొహంలోకి ఒక్కసారీ చూడలేదు.

"గుర్తులేదమ్మా," అన్నాను.